నాలుగడుగుల బాల్కనీలో అమ్మమ్మ కుర్చీ

ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే. తెలుగులో ఇంత పొడుగు వ్యాసం రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే క్లబ్ గ్రూపులో తిట్టండి, కానీ చివరిదాకా చదివి తిట్టండి. ఇది కవిత కాదు, కథ కాదు. చిన్న బాల్కనీలో కుర్చీ, బల్ల ఎలా బిగించుకోవాలో చెప్పే పాఠం.

"సీఎస్ఈ వాళ్ళకి వడ్రంగం ఎందుకే?" అని నా బెంచ్‌మేట్ అడిగింది. ఎందుకంటే, నేను బిగించిన కుర్చీ మీంచి మా అమ్మమ్మ పడిపోయింది.

జరిగింది ఇదీ

మా ఫ్లాట్ ఎంవీపీ కాలనీలో, ఐదో అంతస్తులో. బాల్కనీ వెడల్పు నాలుగడుగులు, పొడవు తొమ్మిదడుగులు. అందులోనే వాషింగ్ మెషీన్, ఏసీ అవుట్‌డోర్ యూనిట్, తులసి కుండీ, బట్టలారేసే తాడు. మిగిలిన చోటు నుంచి, రెండు బిల్డింగుల మధ్య సందులో, సముద్రం ఒక ముక్క కనిపిస్తుంది. రాత్రి పోర్టులోకి రావడానికి ఎదురుచూసే ఓడల లైట్లు కూడా.

మా అమ్మమ్మది శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర పల్లె. తాతయ్య పోయాక, మోకాళ్ళు మరీ ఇబ్బంది పెడుతుంటే, రెండేళ్ళ క్రితం అమ్మ ఇక్కడికి తీసుకొచ్చింది. ఊళ్ళో సాయంత్రమైతే అరుగు మీద కూర్చునేది. వచ్చేపోయేవాళ్ళు పలకరించేవాళ్ళు. ఇక్కడ అరుగు లేదు, టీవీ ఉంది. "ఈ పంజరంలో ఏటి సేయను?" అని ఒకరోజు అంది. మర్నాడే నేను ఆన్‌లైన్‌లో బాల్కనీ సెట్ ఆర్డర్ పెట్టాను. రెండు ఇనుప కుర్చీలు, ఒక చిన్న గుండ్రటి బల్ల. అన్నీ విడివిడిగా అట్టపెట్టెలో వస్తాయి, మనమే బిగించుకోవాలి.

సెమ్ ఎగ్జామ్స్ అయిపోయిన రోజు. ఇరవై నిమిషాల్లో అయిపోవాలి అనుకున్నాను. మొదటి కాలు పెట్టి నా బలమంతా ఉపయోగించి బిగించాను. రెండోది, మూడోది కూడా అలాగే. చివర్లో వెనక కాళ్ళ మధ్య అడ్డంగా రావాల్సిన బద్ద మిగిలింది. దాని బెజ్జం, కాలి బెజ్జం రెండు మిల్లీమీటర్ల తేడాతో కలవలేదు. ఎంత నొక్కినా బోల్టు దిగదు. ఆ బద్దని, రెండు బోల్టుల్ని డ్రాయరులో పడేశాను. స్పేర్ అయ్యుంటుందిలే అని అమ్మతో చెప్పాను. అబద్ధం ఎందుకు, స్పేర్ కాదని నాకు తెలుసు.

తొమ్మిదో రోజు సాయంత్రం అమ్మమ్మ ఓడ లైట్లు చూద్దామని ఒక పక్కకి ఒరిగింది. కుర్చీ కాళ్ళు నాలుగూ ఒకేవైపు వాలిపోయాయి. కుడిచేతి మణికట్టు ఎముక చిట్లింది. ఆరు వారాలు కట్టు. అన్నం కలుపుకోలేదు, జడ వేసుకోలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. "కుర్చీదేం తప్పు నేదే గుంటా, నా బరువే ఎక్కువైపోనాది" అంది. తిట్టుంటే బావుండేది.

ఆ కుర్చీని మా వీధి చివర వడ్రంగి తాత దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అటూ ఇటూ తిప్పి ఒకే ప్రశ్న అడిగాడు. "అడ్డబద్ద ఏదమ్మా?"

ఆ తర్వాత నాలుగు ఆదివారాలు ఆయన కొట్టు దగ్గర కూర్చుని నేర్చుకున్నవి, ఇంటికొచ్చి చదివి సరిచూసుకున్నవి, ఇక్కడ వరసగా పెడుతున్నాను.

పాఠం 1: కొనకముందే కొలవండి

బాల్కనీ పొడవు వెడల్పులు మాత్రమే కొలిస్తే చాలదు. తలుపు ఎంత దూరం తెరుచుకుంటుందో, వాషింగ్ మెషీన్ మూత ఎటు లేస్తుందో, ఏసీ వేడిగాలి ఎటు కొడుతుందో కూడా చూడాలి. కుర్చీ, బల్ల సైజుల్లో పాత న్యూస్‌పేపర్లు కత్తిరించి నేల మీద పరిచేయండి. వాటి పక్కనుంచి బట్టల బకెట్ పట్టుకుని నడవండి. నడవడానికి కనీసం రెండడుగుల దారి మిగలాలి. పేపర్ తొక్కితే ఆ సామాను మీకు పెద్దదని అర్థం.

నాలుగడుగుల వెడల్పులో రెండడుగులు దారికి పోతే మిగిలేది రెండే. అందుకే గుండ్రటి బల్ల కంటే గోడకి కీలుతో బిగించి, అవసరమైనప్పుడు ఎత్తుకునే మడత బల్ల మేలు. అడుగు వెడల్పు పలక చాలు, రెండు టీ గ్లాసులకీ ఒక పుస్తకానికీ సరిపోతుంది. అయితే మేకు దిగే ముందు ఆ గోడని ఒకసారి తట్టి చూడండి. పాత బిల్డింగుల్లో ఉప్పుగాలికి కాంక్రీటు లోపలి కడ్డీలు తుప్పు పడతాయి. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి పైపొరని బయటికి నెడుతుంది. పెచ్చులూడుతున్న చోట, డొల్ల శబ్దం వచ్చే చోట బెజ్జం వేయకండి. ముందు గోడ సంగతి చూడాలి, బల్ల సంగతి తర్వాత.

కుర్చీ ఎత్తు మామూలుగా 45 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఇంకో మూడు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువుంటే లేవడం తేలిక. కానీ కూర్చున్నప్పుడు పాదాలు పూర్తిగా నేలకి ఆనాలి. చేతులు ఆనించుకునే కుర్చీ అయితే ఇంకా మంచిది, లేచేటప్పుడు బరువు కొంత చేతుల మీద పడుతుంది. నేను కొన్న కుర్చీకి చేతులు లేవు. లేవడానికి అమ్మమ్మ రోజూ నాలుగైదుసార్లు అటూ ఇటూ ఊగేది. ఆ ఊపే బోల్టుల్ని వదులు చేసింది. అది నాకు తర్వాత తట్టింది.

ఒక ముఖ్యమైన లెక్క. రెయిలింగ్ ఎత్తుని నేల నుంచి కాదు, కుర్చీ మీద నుంచి కొలవాలి. రెయిలింగ్ 100 సెంటీమీటర్లు ఉంటే, పక్కనే 45 సెంటీమీటర్ల కుర్చీ పెడితే, దాని మీదికెక్కిన పిల్లాడికి అడ్డు 55 సెంటీమీటర్లే. ఇంట్లో చిన్నపిల్లలుంటే కుర్చీ, స్టూలు, పెద్ద కుండీ ఏదీ రెయిలింగ్‌కి ఆనించొద్దు.

పాఠం 2: మన ఊరి గాలి ఉప్పగా ఉంటుంది

ఉక్కు నగరంలో ఉన్నాం, ఇనుప కుర్చీ పాడవడమేంటి అనుకున్నాను. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో జనం ఉద్యమించి సాధించుకున్న ప్లాంట్ మనది. 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. కానీ అక్కడ తయారయ్యేవి ఎక్కువగా కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిల్స్ లాంటి పొడుగు రకాలు. బాల్కనీ కుర్చీ కాళ్ళు పలచటి రేకుని చుట్టి అతికిన గొట్టాలు. ఆ రేకు మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. అంత పలచటి దానికి తుప్పు పడితే మిగిలేదేం ఉండదు.

తుప్పుకి ఇనుము, నీరు, ఆక్సిజన్ మూడూ కావాలి. మన ఊళ్ళో నాలుగోది ఉప్పు. కెరటాల తుంపర నుంచి వచ్చిన ఉప్పు కణాలు గాలిలో ఎగిరొచ్చి కుర్చీ మీద కూర్చుంటాయి. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు దానంతట అదే నీళ్ళు లాగి కరుగుతుంది. వంటింట్లో ఉప్పు డబ్బా చెమర్చేది అందుకే. విశాఖలో చాలా రోజులు తేమ అంతకంటే ఎక్కువే. అంటే వాన పడకపోయినా మన కుర్చీ మీద సన్నటి ఉప్పునీటి పొర ఉంటుంది. ఆ పొర కరెంటుని పోనిస్తుంది కాబట్టి తుప్పు వేగం పెరుగుతుంది.

ఇక ఏది కొనాలి?

పౌడర్ కోటింగ్ ఉన్న ఇనుము చవక. గీత పడనంతవరకు బాగుంటుంది. గీత పడితే అక్కడ మొదలై కోటింగ్ కిందకంటా పాకుతుంది. గొట్టం లోపలివైపు చాలాసార్లు రంగు ఉండదు, కాబట్టి చివర్ల ప్లాస్టిక్ మూతలు ఊడిపోతే వెంటనే పెట్టండి.

జింకు పూత ఉన్న ఇనుము ఇంకొంచెం మేలు. గీత పడినా ముందు జింకు అరిగిపోతూ ఇనుముని కాపాడుతుంది.

స్టెయిన్‌లెస్‌లో షాపుల్లో ఎక్కువగా దొరికేది 304 రకం. దాంట్లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. సముద్రం దగ్గర దానికీ టీ మరకల్లాంటి మచ్చలు వస్తాయి. 316 రకంలో రెండు మూడు శాతం మాలిబ్డినం కలుపుతారు, ఉప్పుకి అదే బాగా ఆగుతుంది. కుర్చీ మొత్తం 316 కొనే బడ్జెట్ మనకెవరికీ ఉండదు. కనీసం బోల్టులు, నట్లు స్టెయిన్‌లెస్‌వి మార్చుకోవచ్చు.

అల్యూమినియం ఫ్రేమ్ తేలిక, ఎర్ర తుప్పు రాదు. కానీ వేరే లోహపు బోల్టు దానికి నేరుగా తగిలి, మధ్యలో ఉప్పునీళ్ళు చేరితే, అది చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తుంది. ఇంటర్ కెమిస్ట్రీలో మార్కుల కోసం బట్టీ పట్టిన గాల్వానిక్ సెల్ ఇదే. మధ్యలో నైలాన్ వాషర్ వేస్తే ఆ తాకిడి తగ్గుతుంది.

చెక్కలో టేకు మన్నుతుంది. ప్లైవుడ్ అయితే నీటిని తట్టుకునే ఐఎస్ 710 గ్రేడ్ అని ముద్ర చూసి తీసుకోండి. మామూలు రకం ఒక వర్షాకాలానికే పొరలు విడిపోతుంది.

పోర్టు ఊరు కాబట్టి పాత ప్యాలెట్లు కూడా దొరుకుతాయి, వాటితో బల్లలు చేసేవాళ్ళు మన కాలేజీలోనే ఉన్నారు. ఎగుమతి ప్యాలెట్ మీద గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది. అందులో దేశం కోడ్, పక్కన రెండక్షరాలు. 'హెచ్‌టీ' అంటే చెక్క లోపలి వరకు 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు ఉంచారని, పురుగు చావడానికి. 'ఎంబీ' అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని. ఎంబీ ఉన్నవి, ముద్ర లేనివి, రసాయనాల మరకలున్నవి ఇంటికి తేవద్దు. మన పోర్టులో బొగ్గు, ఎరువులు, ముడి ఇనుము అన్నీ దిగుతాయి, ఎక్కుతాయి. ఆ చెక్క మీద ఏం ఒలికిందో మనకి తెలీదు.

పాఠం 3: వదులుగా మొదలుపెట్టాలి

నేను చేసిన అసలు తప్పు ఇక్కడుంది. వడ్రంగి తాత మాటల్లో: "ఒక్కపాలే బిగించీకూడదమ్మా. అన్నీ ఒదులుగా ఎక్కించి, నిలబెట్టి, అప్పుడు బిగించాల."

కారణం సింపుల్. బోల్టు సులువుగా దూరడానికి బెజ్జాన్ని దానికంటే కొంచెం పెద్దగా వేస్తారు. ఆ ఖాళీలో ప్రతి ముక్కా అర మిల్లీమీటరు అటో ఇటో జరగగలదు. మొదటి కాలుని గట్టిగా బిగిస్తే అది వంకరగా ఉన్నా అక్కడే ఫిక్స్ అయిపోతుంది. రెండోది దాన్నిబట్టి ఇంకాస్త, మూడోది ఇంకాస్త. ఆ తేడాలన్నీ కలిసి చివరి బెజ్జం దగ్గర రెండు మిల్లీమీటర్లుగా కనిపిస్తాయి. చివరి బద్ద తప్పేం లేదు, తప్పు మొదటి బోల్టు దగ్గరే జరిగింది. మన భాషలో చెప్పాలంటే గ్రీడీ అల్గారిథం వాడాను. ప్రతి స్టెప్పూ విడిగా చూస్తే కరెక్టే, మొత్తం మాత్రం ఫెయిల్.

సరైన వరస ఇది.

ముక్కలన్నీ నేల మీద పరిచి కాగితంలోని లెక్కతో సరిచూసుకోండి. బోల్టుల పొడవులు వేరువేరుగా ఉంటే విడివిడి గిన్నెల్లో పెట్టండి.

బోల్టులన్నీ వేళ్ళతోనే మూడు నాలుగు చుట్లు తిప్పి వదిలేయండి. ఈ దశలో రెంచీ ముట్టుకోవద్దు. అడ్డబద్దతో సహా అన్నీ ఎక్కాకే ముందుకి వెళ్ళాలి.

హాల్లో చదునైన నేల మీద కుర్చీని నిలబెట్టండి. బాల్కనీలో కాదు, ఎందుకో తర్వాత చెప్తాను. సీటు ఫ్రేమ్ నలుచదరంగా ఉందా అని టేపుతో రెండు కర్ణాలూ కొలవండి. రెండూ సమానమైతే మూలలు సరిగ్గా ఉన్నట్టు. తేడా ఉంటే పొడుగు కర్ణం వైపు మూలల్ని నెమ్మదిగా లోపలికి నొక్కండి. ముందు వెడల్పు, వెనక వెడల్పు వేరుగా ఉండే సీటుకి కూడా కర్ణాలు సమానంగానే రావాలి.

ఇప్పుడు ఎదురెదురు మూలల్లో ఒకటి తర్వాత ఒకటి బిగించండి, కారు చక్రం నట్లు బిగించినట్టు. బిగువు చేతికి తగిలాక ఇంకో పావు చుట్టు, అంతే. పలచటి గొట్టాన్ని మరీ బిగిస్తే నొక్కుకుపోతుంది, చెక్క అయితే మర అరిగిపోతుంది.

మామూలు నట్టు ఊపులకి వదులవుతుంది. లోపల నైలాన్ రింగు ఉన్న లాక్ నట్టు వేస్తే ఆగుతుంది. ఇవి హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి, ఖరీదు పెద్దగా ఉండదు. వారం తర్వాత ఒకసారి, ఆపైన నెలకోసారి అన్నీ చూసుకోండి.

పాఠం 4: ఆ బద్ద ఏం చేస్తుంది?

నాలుగు అగ్గిపుల్లల్ని నలుచదరంగా పెట్టి మూలల్లో కొంచెం మైనం అంటించండి. పక్కనుంచి తోస్తే అది వాలిపోతుంది, ఎందుకంటే భుజాల పొడవు మారకుండానే కోణాలు మారగలవు. ఇప్పుడు కర్ణంగా ఇంకాస్త పొడుగు పుల్ల పెట్టండి. వాలదు. త్రిభుజంలో భుజాల పొడవులు మారకపోతే కోణాలు మారలేవు. మనం తొమ్మిదో తరగతిలో భు-భు-భు నియమం అని చదివి వదిలేసింది ఇదే. పోర్టు క్రేన్లు, రైల్వే వంతెనలు నిండా త్రిభుజాలే కనిపిస్తాయి.

నా కుర్చీ అడ్డబద్ద కర్ణం కాదు, అడ్డంగా వచ్చేదే. కానీ దాని చివర్లలో రెండేసి అంగుళాల ఏటవాలు ముక్కలు అతికి ఉన్నాయి, అవి కాళ్ళతో కలిసి చిన్న త్రిభుజాలవుతాయి. దాన్ని తీసేస్తే వెనక కాళ్ళు పక్కకి వాలకుండా ఆపేది పైనున్న బోల్టుల బిగువు ఒక్కటే. తొమ్మిది రోజుల ఊపుకి ఆ బిగువు పోయింది. ఎనిమిది రోజులు కుర్చీ బాగానే ఉన్నట్టు కనిపించింది చూడండి, అదే ప్రమాదం.

అందుకే రూల్: ఒక్క బద్ద మిగిలినా ఆ కుర్చీ మీద ఎవరూ కూర్చోకూడదు. మొత్తం విప్పి మళ్ళీ మొదటినుంచి. అయ్యాక ముందు మీరు కూర్చోండి. కుడికి, ఎడమకి, వెనక్కి ఒరిగి చూడండి. ఆ తర్వాతే ఇంట్లో పెద్దవాళ్ళు.

మనవాళ్ళకి ఇది కొత్తేం కాదు. నులక మంచం చూడండి. నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, ఒక తాడు. ఒక్క బోల్టు ఉండదు. అల్లిన నులక బిగువే పట్టెల్ని కోళ్ళలోకి లాగి పట్టుకుంటుంది. వదులైతే కాళ్ళవైపు తాడు లాగి బిగిస్తారు, బద్ధకించి వదిలేస్తే అది కుక్కి మంచం అవుతుంది. పగలు గోడకి నిలబెడితే చోటు కూడా మిగులుతుంది. ఈ సంగతులు అమ్మమ్మ కట్టు చేత్తో మంచం మీద కూర్చుని నాకు చెప్పింది.

పాఠం 5: బాల్కనీ నేల చదునుగా ఉండదు

హాల్లో బిగించమన్నది ఇందుకే. వాన నీళ్ళు పోవడానికి బాల్కనీ నేలని గొట్టం వైపు కొంచెం వాలుగా కడతారు, చాలాచోట్ల ఆ వాలు కూడా సమంగా ఉండదు. మూడు బిందువుల గుండా ఎప్పుడూ ఒక తలం పోతుంది, నాలుగోది అదే తలంలో ఉండాలని లేదు. మూడు కాళ్ళ పీట ఎక్కడ పెట్టినా కదలదు, నాలుగు కాళ్ళ కుర్చీ కదులుతుంది. బాల్కనీలో బిగిస్తే కుర్చీ ఆ వంకర నేలకి తగ్గట్టు వంకరగా తయారవుతుంది, అంగుళం జరిపితే మళ్ళీ ఊగుతుంది. కాబట్టి కుర్చీని సరిగ్గా బిగించి, బాల్కనీలో ఊగిన కాలికి మాత్రం రబ్బరు తొడుగో, మర తిప్పి ఎత్తు మార్చే పాదమో పెట్టుకోవాలి. మడిచిన అట్టముక్క వద్దు, తడిస్తే జారుతుంది.

పాఠం 6: హుద్‌హుద్‌ని మర్చిపోవద్దు

2014 అక్టోబర్ 12. హుద్‌హుద్ తుఫాను మన ఊరి దగ్గరే తీరం దాటింది. గాలి గంటకి 180 కిలోమీటర్ల పైమాటే. నేను అప్పుడు చిన్నపిల్లని. ఎదురింటి బాల్కనీలోని ప్లాస్టిక్ కుర్చీ ఎగిరొచ్చి మా కిటికీ అద్దం పగలగొట్టడం నాకిప్పటికీ గుర్తు.

లెక్క చూద్దాం. గాలి ఒత్తిడి వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది. భవనాల కోసం మన ఐఎస్ 875 ప్రమాణంలో వాడే సూత్రం: 0.6 ఇంటూ వేగం వర్గం, వేగం సెకనుకి మీటర్లలో. 180 కిలోమీటర్లంటే సెకనుకి 50 మీటర్లు. వర్గం 2500, ఒత్తిడి చదరపు మీటరుకి 1500 న్యూటన్లు. 60 సెంటీమీటర్ల చదరపు బల్ల పలక గాలికి ఎదురుగా నిలబడితే దాని మీద పడే తోపు సుమారు 540 న్యూటన్లు, అంటే 55 కిలోల బరువంత. బల్ల బరువేమో ఆరేడు కిలోలు. ఐదో అంతస్తు నుంచి, దాదాపు 15 మీటర్లు, ఊరికే జారిపడినా కింద నేలకి చేరేసరికి గంటకి 60 కిలోమీటర్ల వేగం దాటుతుంది. కింద వాచ్‌మన్ అంకుల్ వాళ్ళ పిల్లలు ఆడుకుంటుంటారు.

కాబట్టి కొనేటప్పుడే అడగాల్సిన ప్రశ్న: తుఫాను హెచ్చరిక వస్తే పది నిమిషాల్లో దీన్ని మడిచి లోపల పెట్టగలనా? రెయిలింగ్‌కి వేలాడదీసే బల్లలు, కుండీలు అయితే బయటివైపు కాదు, లోపలివైపే.

మెయింటెనెన్స్ రెండే ముక్కలు. రెండు వారాలకోసారి మంచినీళ్ళ గుడ్డతో ఉప్పు తుడిచి, ఆరనివ్వండి. గీత కనిపిస్తే గరుకు కాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ వేసి, పైన రంగు వేయండి. ఆదివారం అరగంట పని.

చివరిగా

ఈ వ్యాసం రాస్తుంటే నాకొక మాట దొరికింది. కుర్చీ ముక్కలు కలిసే చోటునీ, మడత బల్ల కదిలే చోటునీ, మా అమ్మమ్మ మోకాలినీ తెలుగులో కీలు అనే అంటాం. ఇంగ్లిష్‌లో ఆలోచిస్తే నాకు ఇది తట్టేది కాదు.

కుర్చీని పూర్తిగా విప్పి మళ్ళీ బిగించాను, ఈసారి గంటన్నర పట్టింది. డ్రాయరులోని బద్ద ఎక్కింది, బోల్టు వేళ్ళతోనే దిగింది. బెజ్జాలు మొదటినుంచీ సరిగ్గానే ఉన్నాయి. వడ్రంగి తాత దానికి రెండు టేకు చేతులు చేసిపెట్టాడు. వారం రోజులు నేనొక్కదాన్నే కూర్చున్నాను.

కట్టు విప్పిన రోజు సాయంత్రం అమ్మమ్మని బాల్కనీలోకి తీసుకొచ్చాను. కుర్చీని చేత్తో ఒకసారి ఊపి చూసింది. "ఇది నిలబడతాదా?" అంది. నిలబడుతుందని చెప్పి, వెనక అడ్డబద్ద చూపించాను. డ్రాయరు సంగతి కూడా చెప్పేశాను. కాసేపు నన్నే చూసి, "మరి ఆ రోజే సెప్పాల కదే" అంది. తర్వాత కూర్చుంది.

మీ ఇంట్లో, హాస్టల్ రూమ్‌లో ఊగుతున్న కుర్చీ ఏదైనా ఉంటే ఈ ఆదివారం తిరగేసి చూడండి. బోల్టులు లెక్కపెట్టండి. డ్రాయరులో కూడా ఒకసారి వెతకండి.